28వ నిమిషం ఎల్లో, 83వ నిమిషం మౌనం: 2010 ప్రపంచకప్ ఫైనల్ కార్డులపై కేస్ స్టడీ

2010 జులై 11, జొహానెస్‌బర్గ్‌లోని సాకర్ సిటీ. స్పెయిన్, నెదర్లాండ్స్ మధ్య జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ రిఫరీ హోవర్డ్ వెబ్ మొత్తం 14 సార్లు ఎల్లో కార్డు తీశాడు. డచ్ జట్టుకు 9, స్పెయిన్‌కు 5. అంతకుముందు ఏ ఫైనల్లోనూ 6 దాటలేదు, అవి కూడా 1986లో వచ్చినవి. 109వ నిమిషంలో డచ్ డిఫెండర్ హైటింగా రెండో ఎల్లోతో బయటికి వెళ్లాడు, 116వ నిమిషంలో స్పెయిన్ ఆటగాడు ఇనియెస్టా గోల్ కొట్టాడు, స్పెయిన్ 1-0తో కప్పు గెలిచింది.

ఫౌల్, డైవ్ (ఫౌల్ జరిగినట్టు నటిస్తూ పడిపోవడం), రెడ్ కార్డ్ గురించి వాదించుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు. చూపించిన 14 కార్డుల్లో పెద్ద గొడవ లేదు, చాలావరకు సరైనవే. అసలు చర్చ రెండు క్షణాల మీద. 28వ నిమిషంలో రెడ్ కావాల్సినది ఎల్లో అయింది. 83వ నిమిషంలో ఊదాల్సిన విజిల్ ఊదలేదు. మొదటిది అందరికీ గుర్తుంది. ఆటను ఎక్కువ పాడుచేసింది మాత్రం రెండోదేనని నా అభిప్రాయం.

డి యాంగ్ బూటు, అలోన్సో ఛాతీ

మైదానం మధ్యలో బంతి గాల్లో ఉంది. స్పెయిన్ ఆటగాడు షాబి అలోన్సో తలతో ఆడటానికి ముందుకొచ్చాడు. ఎదురుగా వస్తున్న డచ్ ఆటగాడు నైజెల్ డి యాంగ్ కాలు పైకెత్తాడు. అలోన్సో తల బంతిని తాకింది, డి యాంగ్ బూటు అడుగుభాగం అలోన్సో ఛాతీలో దిగింది. స్టడ్స్, అంటే బూటు అడుగున ఉండే గుబ్బలు, ముందుకు తిరిగి ఉన్నాయి, కాలు దాదాపు నిటారుగా చాచి ఉంది.

ఇలాంటిది చూసినప్పుడు రిఫరీ మనసులో మెట్లు వరసగా నడవాలి. ఫౌల్ రూల్, అంటే లా 12, టాకిల్‌ను (బంతి కోసం ఎదుటివాడి మీదికి వెళ్లడాన్ని) మూడు స్థాయిలుగా చూస్తుంది. కేర్‌లెస్ అంటే చూసుకోకుండా వచ్చాడు, ఫ్రీ కిక్ చాలు, కార్డు అక్కర్లేదు. రెక్‌లెస్ అంటే ఎదుటివాడికి ఏమవుతుందన్న లెక్క లేకుండా వచ్చాడు, ఎల్లో. మూడోది ఎక్సెసివ్ ఫోర్స్, లేదా ఎదుటివాడి భద్రతకే ముప్పు తెచ్చిన టాకిల్. దీన్ని సీరియస్ ఫౌల్ ప్లే అంటారు, నేరుగా రెడ్. 2010లో అమల్లో ఉన్న రూల్ పుస్తకంలోనూ భద్రతకు ముప్పు తెచ్చే టాకిల్‌ను సీరియస్ ఫౌల్ ప్లేగా శిక్షించి తీరాలని స్పష్టంగా ఉంది. ఇది కొత్త రూలుతో పాత మ్యాచ్‌ను కొలవడం కాదు.

రెక్‌లెస్‌కూ సీరియస్ ఫౌల్ ప్లేకూ మధ్య గీత ఎక్కడో తేల్చడానికి ఐదు విషయాలు చూడాలి. బూటులో ఏ భాగం తగిలింది? స్టడ్స్. ఒంట్లో ఎక్కడ తగిలింది? ఛాతీ, పక్కటెముకల మీద. మోకాలు వంగి ఉందా, బిగిసి ఉందా? చాచి ఉంది, అంటే పరుగు బరువంతా తగిలిన చోటికే చేరింది. బంతి అందే దూరంలో ఉందా? ఉంది, కానీ అది తల ఎత్తులో ఉంది, అక్కడ కాలికి పని లేదు. చివరి క్షణంలో కాలు వెనక్కి లాక్కునే ప్రయత్నం జరిగిందా? లేదు. ఐదులో నాలుగు రెడ్ వైపే ఉన్నాయి. బంతి దగ్గరలో ఉందన్న ఒక్కటే డి యాంగ్ తరఫున చెప్పగలిగే మాట.

ఈ ఘటన మీద మూడు వాదనలు తరచూ వినబడతాయి. మూడూ నిలవవు.

మొదటిది, ‘అతను బంతినే చూస్తున్నాడు’. చూపు బంతి మీద ఉండటం ఉద్దేశానికి సంబంధించిన మాట. సీరియస్ ఫౌల్ ప్లేకి ఉద్దేశం షరతు కాదు. 2017 సెప్టెంబర్ 9న మాంచెస్టర్ సిటీ మ్యాచ్‌లో లివర్‌పూల్ ఆటగాడు సాడియో మానే కూడా బంతినే చూస్తూ కాలెత్తాడు. బూటు గోల్‌కీపర్ ఎడెర్సన్ ముఖానికి తగిలింది. 37వ నిమిషంలో రిఫరీ జాన్ మాస్ రెడ్ చూపించాడు, అది నిలబడింది. 2013 మార్చి 5న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో రియల్ మాడ్రిడ్ ఆటగాడు అర్బెలోవాకు కాలు తగిలించిన మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు నానికి రిఫరీ చునెయిట్ చాకిర్ ఇచ్చిన రెడ్ మీద మాత్రం ఇవాళ్టికీ రెండు అభిప్రాయాలున్నాయి. ఎందుకంటే అక్కడ నాని కాలు బంతిని అదుపు చేసుకోవడానికి లేచింది, ఎదురుగా దూసుకెళ్లి తగిలించింది కాదు. తేడా చూపులో లేదు. కాలు ఏ దిశలో, ఎంత బలంతో వెళ్లిందన్న దాంట్లో ఉంది.

రెండోది, ‘అలోన్సో లేచి ఆడాడుగా’. గాయం అయిందా లేదా అన్నది కార్డు రంగు తేల్చదు. ముప్పు తెచ్చాడా అన్నదే ప్రశ్న. ఎముక విరిగాక మాత్రమే రెడ్ ఇస్తే ఆ రూలు ఉండి ప్రయోజనం లేదు.

మూడోది, ‘ఫైనల్ మ్యాచ్, 28వ నిమిషం, అప్పుడే పదిమందిని చేస్తే ఆట చచ్చిపోతుంది’. రూల్ పుస్తకంలో నిమిషానికో రంగు లేదు. ఈ వాదనను ఒప్పుకుంటే మొదటి అరగంట గట్టిగా కొట్టుకోవచ్చని జట్లకు మనమే చెప్పినట్టవుతుంది. అలా చెప్పకూడదు.

రిఫరీకి అది ఎందుకు కనబడలేదు

అది రెడ్ అని వెబ్ తర్వాత బహిరంగంగానే ఒప్పుకున్నాడు. ఆ క్షణంలో తనకు దృశ్యం పూర్తిగా కనబడలేదని, మధ్యలో అడ్డు వచ్చిందని చెప్పాడు. ఇది సాకు కాదు, పనిలో నిజంగా ఎదురయ్యే ఇబ్బంది. గాల్లో బంతి కోసం ఇద్దరు ఎదురెదురుగా వస్తుంటే రిఫరీ వాళ్లిద్దరికీ పక్కనుంచి చూడాలి. ఇద్దరి మధ్య ఉన్న ఖాళీ కనబడాలి. ఒకరి వీపు వెనకనుంచి చూస్తే కాలు లేచిందని తెలుస్తుంది, ఛాతీకి తగిలిందా గాలిని చీల్చిందా అన్నది తెలియదు. పదిహేను మీటర్ల దూరంలో ఉన్నా కోణం తప్పితే ముప్పై మీటర్ల దూరంలో ఉన్నట్టే. సరిచేసుకోవడానికి పెద్ద పరుగు కూడా అక్కర్లేదు. బంతి గాల్లో ఉన్న ఆ రెండు సెకన్లలో పక్కకు మూడు నాలుగు అడుగులు వేస్తే కోణం తెరుచుకుంటుంది. బంతి ఎగరగానే దాన్ని చూడటం మానేసి, అది దిగే చోటునూ అక్కడికి చేరే ఇద్దరినీ చూడటం అలవాటు చేసుకోవాలి. కొత్త రిఫరీలు ఎక్కువగా తప్పేది ఇక్కడే: తల పైకెత్తి బంతి వెంట పోతారు.

ఇక అసిస్టెంట్లు. మైదానం వెడల్పు 68 మీటర్లు కాబట్టి మధ్యలో జరిగినది ఏ టచ్‌లైన్‌కైనా 34 మీటర్ల దూరం. ఆ వైపు అసిస్టెంట్ ఆఫ్‌సైడ్ గీత కోసం రెండో చివరి డిఫెండర్‌తో సమానంగా నిలబడి ఉంటాడు, అంటే దూరం ఇంకా పెరుగుతుంది. అయినా హెడ్‌సెట్ ఉంది. 2006 ఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ తలతో ఇటలీ ఆటగాడు మాటెరాజీని కొట్టినప్పుడు రిఫరీ ఎలిసోండో చూడలేదు, నాలుగో అధికారి మెడీనా కాంతలేహో చెప్పాకే రెడ్ వచ్చింది. కాబట్టి అడిగే దారి ఉంది, ఆ దారికి కాస్త సమయం కావాలి.

ఆ సమయం ఎలా తెచ్చుకోవాలన్నది నేర్పదగ్గ విద్య. విజిల్ గట్టిగా ఊది, వేగంగా ఆ చోటికి వెళ్లి, చెయ్యి జేబులో పెట్టకుండా ఆగాలి. ఫిజియోను లోపలికి పిలవాలి. ఆ ఇరవై ముప్పై సెకన్లలో అసిస్టెంట్లను, నాలుగో అధికారిని అడగాలి. ప్రశ్న కూడా సరిగ్గా ఉండాలి. ‘ఏ కార్డు?’ అని అడిగితే అభిప్రాయం వస్తుంది, ‘బూటు ఎక్కడ తగిలింది?’ అని అడిగితే సమాచారం వస్తుంది. ఫ్రీ కిక్ ఇంకా తీసుకోలేదంటే చూపించిన ఎల్లోను కూడా రద్దు చేసి రెడ్ చూపించవచ్చు. ఆట మళ్లీ మొదలయ్యాక మాత్రం ఆ తలుపు మూసుకుపోతుంది. హాఫ్ టైమ్‌లో తప్పు తెలిసినా చేయగలిగింది లేదు.

ఇంకో కారణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి, ఇది నా అంచనా మాత్రమే. ఆ ఫౌల్‌కు ముందు 15వ నిమిషంలో వాన్ పెర్సీ, 16లో పుయోల్, 22లో వాన్ బొమ్మెల్, 23లో రామోస్ వరసగా ఎల్లో చూశారు. ఎనిమిది నిమిషాల్లో నాలుగు కార్డులు తీసిన చెయ్యి ఐదోసారి కూడా అదే జేబులోకి పోతుంది. వరస కార్డులు ఇచ్చే రోజున ప్రతి ఫౌల్‌నూ ‘ఇదీ ఎల్లోనే’ అన్న ఊపులోంచి బయటికి లాగి విడిగా చూడాలి.

డి యాంగ్ ఆ తర్వాత 71 నిమిషాలు ఆడాడు. 99వ నిమిషంలో అతని స్థానంలో వాన్ డెర్ వార్ట్ వచ్చాడు.

రాబెన్ పడలేదు, అందుకే ఏమీ రాలేదు

83వ నిమిషం, స్కోరు 0-0. పొడవాటి బంతి వెంట ఆర్యెన్ రాబెన్ స్పెయిన్ డిఫెన్స్‌ను దాటేశాడు. కార్లెస్ పుయోల్ అతన్ని చేతులతో పట్టుకుని వెనక్కి లాగే ప్రయత్నం చేశాడు. రాబెన్ తూలాడు, వేగం తగ్గింది, కానీ కాళ్ల మీదే నిలబడి బంతి వెంట పోయాడు. స్పెయిన్ గోల్‌కీపర్ కాసియాస్ ముందుకొచ్చి బంతిని అందుకున్నాడు. విజిల్ రాలేదు. రాబెన్ రిఫరీ వెంటపడి వాదించాడు, 84వ నిమిషంలో అతనికే ఎల్లో వచ్చింది.

దీన్ని విప్పి చూద్దాం. పట్టుకుని ఆపడం డైరెక్ట్ ఫ్రీ కిక్ ఫౌల్, దాంట్లో సందేహం లేదు. స్పష్టమైన గోల్ అవకాశాన్ని పోగొట్టాడా అన్నది తర్వాతి ప్రశ్న. దానికి నాలుగు కొలతలు: గోల్‌కు దూరం, పరుగు దిశ, బంతి అదుపులో ఉందా లేదా అందే వీలుందా, ఇంకా ఎంతమంది డిఫెండర్లు అడ్డు రాగలరు. దూరం తక్కువ, దిశ నేరుగా గోల్ వైపు, ఎదురుగా గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. బంతి అదుపు ఒక్కటే కాస్త వాదించదగ్గది, ఎందుకంటే బంతి ముందుకు దూకుతోంది, కాసియాస్ కదిలాడు. కానీ లాగకపోయి ఉంటే రాబెన్ వేగానికి ఆ బంతి ముందుగా అందేదన్నది నా తీర్పు. అప్పుడు అది పుయోల్‌కు రెడ్.

‘స్పష్టమైన అవకాశం’ అన్నది ఒప్పుకోని వాళ్లు కూడా గమనించాల్సిన సంగతి ఒకటుంది. పుయోల్ 16వ నిమిషంలోనే ఎల్లో చూశాడు. మంచి దాడిని పట్టుకుని ఆపితే ఎల్లో. అంటే రెండో ఎల్లో, మళ్లీ రెడ్డే. ఏ దారిలో లెక్కించినా, ఫౌల్ అని ఊదిన మరుక్షణం స్పెయిన్ పదిమందితో మిగిలేది.

అడ్వాంటేజ్ ఇచ్చాడని, అంటే ఫౌల్ జరిగినా దాడి సాగుతోందని ఆట ఆపలేదని అనుకుందాం. అడ్వాంటేజ్ అంటే వదిలేయడం కాదు. రెండు మూడు సెకన్లు చూసి, లాభం రాకపోతే వెనక్కి తీసుకొచ్చి ఫ్రీ కిక్ ఇవ్వాలి. గోల్‌కీపర్ చేతుల్లో ముగిసిన పరుగులో లాభం లేదు. లాగుడు వల్ల వేగం తగ్గాక వచ్చే అవకాశం, లాగకముందు ఉన్న అవకాశానికి సమానం కాదు. ఈ రెంటినీ ఒకటిగా లెక్కగట్టడమే అడ్వాంటేజ్‌లో ఎక్కువగా జరిగే పొరపాటు. రెండు చేతులూ ముందుకు చాచి సంకేతం ఇస్తూనే, విజిల్‌ను పెదవులకు దగ్గరగా ఉంచుకుని, ఆటగాడి కాళ్లు మళ్లీ పాత లయలోకి వచ్చాయా అని చూడాలి. రాకపోతే ఊదేయాలి.

ఇక్కడే డైవ్ సంగతి మొదలవుతుంది. రాబెన్‌కు డైవర్ అన్న పేరుంది, అతను స్వయంగా తెచ్చుకున్నదే. 2014 జూన్ 29న ఫోర్తలేజాలో మెక్సికోపై ఆడిన మ్యాచ్‌లో, మొదటి సగంలో తాను కావాలనే పడ్డానని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. అదే మ్యాచ్ చివర్లో రఫా మార్కెస్ కాలు చాచినప్పుడు పడ్డాడు, పోర్చుగల్ రిఫరీ పెడ్రో ప్రోయెన్సా పెనాల్టీ ఇచ్చాడు, హుంటెలార్ కొట్టాడు, నెదర్లాండ్స్ 2-1తో గెలిచింది. ‘అది పెనాల్టీ కాదు’ అని మెక్సికో ఇప్పటికీ అంటుంది. రాబెన్ మాత్రం రెండో సారి పడటం నిజమైన ఫౌల్ వల్లేనన్నాడు. మార్కెస్ బూటు అతని పాదం మీద పడింది. పడిన తీరులో అతిశయం ఉంది. రెండూ ఒకేసారి నిజమే: ఫౌల్ జరిగి ఉండొచ్చు, దాన్ని ఆటగాడు పెంచి చూపించి ఉండొచ్చు. చాలా వాదనలు ఈ రెంటిలో ఒకటే నిజం కావాలని పట్టుబట్టడం వల్లే తెగవు.

ఒకే ఆటగాడు, నాలుగేళ్ల తేడా. పెద్ద ఫౌల్‌కు నిలబడ్డప్పుడు ఫ్రీ కిక్ కూడా రాలేదు, పైగా కార్డు. చిన్న తాకిడికి ఎగిరి పడ్డప్పుడు పెనాల్టీ. ఆటగాళ్లకు డైవింగ్ నేర్పింది కోచ్‌లు మాత్రమే కాదు. నిలబడ్డవాడికి ఫౌల్ ఇవ్వని విజిల్ కూడా నేర్పింది. డైవ్‌కు ఎల్లో చూపించడం సగం వైద్యమే. నిలబడి ఆడేవాడికి పూర్తి ఫౌల్ ఇవ్వడం మిగతా సగం, ఆ సగాన్ని ఎవరూ పట్టించుకోరు.

డైవ్‌ను పట్టుకోవడానికి మైదానంలో నేను నమ్మే గుర్తులు ఇవి. తాకిడికీ పడటానికీ మధ్య ఒక అడుగు పడిందా? నిజంగా కాలు తట్టుకున్నవాడు వెంటనే బ్యాలెన్స్ కోల్పోతాడు, మధ్యలో ఒక శుభ్రమైన అడుగు వేయడు. చేతులు ఎటు పోయాయి? అనుకోకుండా పడేవాడి చేతులు నేలవైపు పోతాయి, ముందే నిర్ణయించుకున్నవాడివి పైకి లేస్తాయి. వెనక కాలు నేల మీద ఈడ్చుకుంటూ డిఫెండర్ కాలిని వెతుక్కుందా? అప్పుడు తాకిడి తెచ్చింది దాడి చేసేవాడే. పడిన దిశ తాకిడి దిశకు సరిపోయిందా? కుడి పక్కనుంచి తోస్తే కుడివైపే పడేవాళ్లను నమ్మకూడదు. చూపు ఎటు ఉంది? పడుతూనే రిఫరీ కోసం వెతికే తల చాలా చెబుతుంది, కానీ దాని ఒక్కదాని మీదే కార్డు ఇవ్వొద్దు. తాకిడి అసలు లేదని నమ్మకంగా తెలిస్తేనే డైవ్‌కు ఎల్లో. చిన్న తాకిడి ఉండి, అది ఫౌల్ స్థాయికి రాకపోతే ‘ఆడండి’ అని చెయ్యి ఊపి వదిలేయడమే సరైన నిర్ణయం, అక్కడ ఎవరికీ కార్డు అవసరం లేదు.

హైటింగా, ఆ తర్వాత

57వ నిమిషంలో మొదటి ఎల్లో, 109లో ఇనియెస్టాను వెనక్కి లాగినందుకు రెండోది. దీని మీద పెద్దగా చర్చించాల్సిందేమీ లేదు. పుయోల్ చేసిన పనీ, హైటింగా చేసిన పనీ ఒకే జాతివి. ఒకదానికి విజిల్ లేదు, ఒకదానికి సెండాఫ్. డచ్ అభిమానుల కోపంలో న్యాయమైన భాగం ఇదే. గోల్‌కు కాస్త ముందు డచ్ ఆటగాడు స్నైడర్ ఫ్రీ కిక్ గోడకు తగిలి బయటికి పోయినా కార్నర్ బదులు గోల్ కిక్ ఇచ్చారన్న ఫిర్యాదు కూడా నిజమే. గోల్ తర్వాత 117లో మాథియసెన్‌కు వాదించినందుకు ఎల్లో వచ్చింది. కానీ డి యాంగ్ 28వ నిమిషంలో వెళ్లిపోయి ఉంటే వాళ్లకు ఈ ఫిర్యాదులు చేసే పరిస్థితి వచ్చేదా అన్నది స్పెయిన్ వాళ్లు అడగదగ్గ ప్రశ్న.

వీడియో ఉంటే మారేవి, మారనివి

వీఏఆర్, అంటే వీడియో చూసి రిఫరీకి సాయపడే పద్ధతి, 2018లో రూల్ పుస్తకంలోకి వచ్చింది. అప్పటి ప్రోటోకాల్ (దాని నియమావళి) నాలుగింటినే చూసేది: గోల్, పెనాల్టీ, నేరుగా వచ్చే రెడ్, కార్డు తప్పు మనిషికి ఇవ్వడం. దాన్ని ఈ మ్యాచ్‌కు పెట్టి చూస్తే డి యాంగ్ ఘటనలో వెబ్‌ను తెర దగ్గరికి పిలిచేవారు, రెడ్ ఖాయం. పుయోల్ లాగుడును స్పష్టమైన గోల్ అవకాశంగా తీసుకుంటే పరిశీలన జరుగుతుంది. అదే ఘటనను రెండో ఎల్లోగా మాత్రమే చూస్తే ఆ ప్రోటోకాల్ జోక్యం చేసుకోదు. స్నైడర్ కార్నర్ కూడా దాని పరిధి బయటే.

తెర కూడా మోసం చేస్తుంది. ఎక్కడ తగిలిందో చూడటానికి స్లో మోషన్, ఎంత గట్టిగా తగిలిందో చూడటానికి మామూలు వేగం వాడాలని ప్రోటోకాల్ చెబుతుంది. 2023 సెప్టెంబర్ 30న టాటెన్‌హామ్ మ్యాచ్‌లో లివర్‌పూల్ ఆటగాడు కర్టిస్ జోన్స్‌కు మొదట ఎల్లో ఇచ్చిన సైమన్ హూపర్ తెర దగ్గరికి వెళ్లగానే కనబడింది ఆగి ఉన్న చిత్రం: బూటు కాలి మీద వంగి ఉన్న క్షణం. ఎల్లో రెడ్‌గా మారింది, లివర్‌పూల్ అప్పీలు తిరస్కరించారు. జోన్స్ కాలు బంతి మీదినుంచి జారి ఎదుటివాడి కాలి మీదికి పోయింది. ఆ జారుడు ఆగిన చిత్రంలో కనబడదు. ఆ రెడ్ సరైనదే అనేవాళ్లున్నారు. కానీ చూపించే వరస తప్పు. ముందు మామూలు వేగంలో రెండుసార్లు, తర్వాత తాకిన చోటు కోసం నెమ్మదిగా ఒకసారి, మళ్లీ మామూలు వేగంలో ఒకసారి చూస్తే అభిప్రాయం ఒక్క చిత్రానికి కట్టుబడిపోదు. ఇంట్లో ఫోన్‌లో క్లిప్ చూసి వాదించేవాళ్లకూ ఇదే వరస పనికొస్తుంది.

వీఏఆర్ లేని మ్యాచ్‌లకు, అంటే దాదాపు అన్ని స్కూలు, కాలేజీ, జిల్లా మ్యాచ్‌లకు, ఆధారం రిఫరీ కళ్లూ ఆ రాత్రి రాసే రిపోర్టూ మాత్రమే. రెడ్ ఇచ్చాక క్రమశిక్షణ కమిటీ చదివేది ఆ కాగితాన్నే. అందులో ‘కావాలని తన్నాడు’, ‘దారుణంగా ఆడాడు’ అని రాస్తే అప్పీలులో మొదటి ప్రశ్నకే అది కూలిపోతుంది, ఎందుకంటే ఉద్దేశాన్ని ఎవరూ చూడలేదు. నిమిషం రాయాలి. మైదానంలో చోటు, రిఫరీ నిలబడ్డ దూరం, కోణం రాయాలి. బంతి ఎంత ఎత్తులో, ఎంత దూరంలో ఉందో రాయాలి. బూటులో ఏ భాగం ఒంట్లో ఎక్కడ తగిలిందో, కాలు చాచి ఉందా వంగి ఉందా, వేగం ఎంతో, తర్వాత వైద్యం అవసరమైందా లేదా రాయాలి. ఆఖరున రూల్‌లో ఉన్న నేరం పేరు, అంటే సీరియస్ ఫౌల్ ప్లేనా, వయొలెంట్ కాండక్టా, గోల్ అవకాశం పోగొట్టడమా అన్నది ఒక్కటే రాసి సంతకం పెట్టాలి. బంతి కోసం పోటీ ఉంటే మొదటిది, లేకపోతే రెండోది. డి యాంగ్‌ది మొదటిది, జిదాన్‌ది రెండోది. ఈ రెండూ తారుమారైతే వేరే శిక్ష పడుతుంది, లేదా అప్పీలులో కార్డే కొట్టుకుపోతుంది.